తయారైన కార్యక్రమాన్ని ఛానల్‌కు అప్పగించడం ఎలా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు నిర్మాతల కోసం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో ఉంటూ తెలుగులో టెలివిజన్ కార్యక్రమాలు తీసే చిన్న బృందాలకు అసలు ఇబ్బంది చిత్రీకరణలో కన్నా, ఎడిటింగ్‌లో కన్నా, అంతా పూర్తయ్యాక ఛానల్‌కు అప్పగించే దశలోనే ఎక్కువగా ఎదురవుతుంది. బరంపురం పట్టు నేత మీదో, పర్లాకిమిడి కొమ్ము బొమ్మల మీదో ఎంతో శ్రమపడి తీసిన అరగంట కార్యక్రమం ఒక సంతకం లేదనో, ధ్వని స్థాయి సరిపోలేదనో, నేపథ్యంలో వినిపించిన పాట ఎవరిదో రాయలేదనో ప్రసారం కాకుండా ఆగిపోతుంది. హైదరాబాదులో ఉన్న నిర్మాత అయితే మరుసటి రోజు ఛానల్ ఆఫీసుకు వెళ్లి సరిచేసి వస్తాడు. మనకు ఆ వెసులుబాటు లేదు కనుక మొదటిసారే లోపం లేకుండా పంపడం మనకు తప్పనిసరి.

అప్పగింత సరిగా జరిగిందో లేదో తేల్చడానికి నేను నమ్మే పరీక్ష ఒక్కటే. మన ఊరు ఎక్కడుందో తెలియని, ఒడియా చదవడం రాని, మనల్ని ఎన్నడూ చూడని ఒక ఉద్యోగి రాత్రి డ్యూటీలో కూర్చుని, మనకు ఒక్క ఫోను కూడా చేయకుండా ఆ కార్యక్రమాన్ని ప్రసారానికి ఎక్కించగలగాలి. అతనికి కలిగే ప్రతి సందేహానికీ జవాబు మనం పంపిన ఫైళ్లలో, కాగితాల్లో ఉండాలి. ఇక ముందు చెప్పేదంతా ఆ పరీక్షలో నెగ్గడం గురించే.

వివరించడానికి వీలుగా ఒక ఉదాహరణ అనుకుందాం. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల భాషకు చేసిన కృషి మీద మీరు 24 నిమిషాల కార్యక్రమం తీశారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం కాబట్టి ఛానల్ దాన్ని ఆ రోజే ప్రసారం చేస్తానంది. అంటే తేదీ కదలదు. అందులో సవర గ్రామాల్లోని పెద్దల మాటలు, బడిపిల్లల పాట, పాత ఫోటోలు, పర్లాకిమిడి వీధులు, సరిహద్దు అవతల పాతపట్నంలో తీసిన కొన్ని దృశ్యాలు ఉన్నాయి.

ముందుగా ఛానల్ నిర్దేశాలు

ఒప్పందం కుదిరిన రోజే ఛానల్ సాంకేతిక విభాగం నుంచి టెక్నికల్ స్పెసిఫికేషన్ పత్రాన్ని, న్యాయ విభాగం నుంచి కావలసిన కాగితాల జాబితాను రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. నోటిమాటగా ‘మామూలు హెచ్‌డీ ఇవ్వండి’ అన్నది నిర్దేశం కాదు. ఒక ఛానల్‌కు నడిచింది మరో ఛానల్‌కు నడవదు. ఒకే సంస్థకు చెందిన రెండు ఛానళ్ల మధ్య కూడా తేడాలు ఉండవచ్చు. ఇక్కడ నేను ఇచ్చే అంకెలు వాడుకలో ఉన్నవే అయినా, ఛానల్ పత్రంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. ఆ పత్రాన్ని ఎడిటర్‌తో పాటు కెమెరామన్ కూడా చిత్రీకరణకు ముందే చదవాలి, ఎందుకంటే అప్పగింతలో బయటపడే లోపాల్లో చాలా వరకు చిత్రీకరణ రోజున పుట్టినవే.

ఫ్రేమ్ రేటు ఇందుకు మంచి ఉదాహరణ. మన దేశంలో టెలివిజన్ సెకనుకు 25 ఫ్రేముల మీద నడుస్తుంది. హెచ్‌డీ ప్రసారానికి సాధారణంగా 1920 × 1080 పరిమాణంలో, సెకనుకు 50 ఫీల్డులుగా (సగం ఫ్రేములుగా) అడుగుతారు. సెల్‌ఫోన్లు మాత్రం ఎవరూ మార్చకపోతే 30 ఫ్రేముల్లో, అదీ నిలకడ లేని రేటులో తీస్తాయి. అలాంటి దృశ్యాలను నేరుగా 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద పడేస్తే నడిచే మనిషి కుదుపులతో నడుస్తాడు, మాట్లాడే మనిషి పెదవులకూ మాటకూ పొంతన క్రమంగా తప్పుతుంది. ఫోనుతో తీయక తప్పనిచోట 25 ఫ్రేములు నిలకడగా ఇచ్చే కెమెరా యాప్ వాడాలి. ఇప్పటికే తీసేసి ఉంటే ఎడిటింగ్ మొదలుపెట్టకముందే నిలకడ రేటులోకి మార్చుకుని, పెదవుల కదలికను ఒకసారి చూసుకోవాలి. పాత 720 × 576 దృశ్యాలను తెర నిండా సాగదీయకూడదు. అటూ ఇటూ ఖాళీ వదిలి, అందుకు ఛానల్ అంగీకారం ముందే తీసుకోవాలి.

చిత్రం, అక్షరం

వెలుగు స్థాయిల విషయంలో మన ప్రాంతపు కార్యక్రమాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బరంపురం పట్టు చీరను ఎండలో పరచి తీస్తే జరీ అంచు అనుమతించిన తెలుపు స్థాయిని దాటిపోతుంది, సన్నని కుంభం అంచుల గీతలు తెర మీద అలలు అలలుగా వణుకుతాయి. కంటికి అందంగానే కనబడుతుంది గాని వెలుగు స్థాయిని గీతగా చూపే వేవ్‌ఫామ్‌లో చూస్తే గీత పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. కలర్ గ్రేడింగ్ (రంగుల సవరణ) చివర, హద్దు దాటిన స్థాయిలను అణిచే లీగలైజర్ వేయాలి, అయితే దాని మీదే మొత్తం భారం మోపకుండా ఆయా షాట్లను విడిగా తగ్గించుకోవాలి. లేకపోతే జరీ మెరుపు అంతా కలిసిపోయి సున్నం పూసినట్టు కనబడుతుంది. జాతరల్లో రంగు దీపాలు, టపాకాయల షాట్లు ఉంటే, తెరలో పెద్ద భాగం సెకనుకు మూడుసార్లకు మించి మిణుకుమిణుకుమనకుండా చూసుకోవాలి. అది మూర్ఛ వ్యాధి ఉన్నవారికి హాని చేస్తుంది, ఆ కారణంతోనే చాలా ఛానళ్లు తిప్పి పంపుతాయి.

తెర మీది తెలుగు అక్షరాల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఇంగ్లీషు కోసం తయారైన పేరు పట్టీ నమూనాలో తెలుగు పేరు పెడితే కింది ఒత్తులు పట్టీ అంచులో తెగిపోతాయి. ‘పట్టు వస్త్రం’ అని రాసి చూడండి: ‘స్త్రం’లో ఒకదాని కింద ఒకటిగా దిగే ఒత్తులకు చోటు ఉందంటే మిగిలిన అన్ని పేర్లకూ ఉన్నట్టే. పట్టీలు, పేర్లు అన్నీ గ్రాఫిక్స్ సేఫ్ గీతల (అక్షరాలు తెగకుండా కనబడే హద్దుల) లోపలే ఉండాలి. హెచ్‌డీకి యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ సూచన ప్రకారం అది తెర వెడల్పులోనూ ఎత్తులోనూ 90 శాతం. ఛానల్ తన లోగోను, స్క్రోలింగ్‌ను ఎక్కడ వేస్తుందో కూడా అడిగి ఆ చోటు ఖాళీగా వదలాలి.

‘అను’ వంటి పాత పద్ధతి ఫాంట్లలో టైపు చేసిన అక్షరాలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా తెరుచుకుంటాయి. మాస్టర్‌లో, అంటే ప్రసారానికి ఇచ్చే తుది ప్రతిలో, అక్షరాలు చిత్రంలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. సబ్‌టైటిల్ ఫైలు, డైలాగ్ లిస్టు, సారాంశం మాత్రం తప్పనిసరిగా యూనికోడ్‌లో ఇవ్వాలి. ఊరి పేర్లకు మన దగ్గర రెండేసి రూపాలు వాడుకలో ఉన్నాయి: తెలుగువారు పర్లాకిమిడి అంటారు, ప్రభుత్వ కాగితాల్లో పారలాఖెముండి ఉంటుంది, బరంపురం, బ్రహ్మపుర కూడా అంతే. పేరు పట్టీలో ఒకటి, సారాంశంలో ఒకటి, అనుమతి పత్రంలో ఒకటి కనబడితే న్యాయ విభాగం అవి రెండు వేర్వేరు ఊళ్లనుకుంటుంది. అందుకే అన్ని రూపాలనూ పక్కపక్కన చూపే అర పేజీ పట్టికను కాగితాల మొదట్లోనే జతచేయాలి.

అక్షరాలు లేని ప్రతిని కూడా విడిగా ఇవ్వమని చాలా ఛానళ్లు అడుగుతాయి. అడగకపోయినా తీసి పెట్టుకోవడం మంచిది. రేపు అదే కార్యక్రమం ఒడియాలోకి వెళ్లాలంటే ఆ ప్రతి లేకుండా కుదరదు.

ధ్వని

శబ్ద స్థాయిని మీటరు ముల్లు చూసి అంచనా వేసే రోజులు పోయాయి. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 2010లో ప్రకటించిన ఆర్ 128 ప్రమాణం ప్రకారం కార్యక్రమం మొదటి నుంచి చివరి వరకు కొలిచిన సగటు బిగ్గరతనం మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనపు కొలమానం) ఉండాలి, అత్యధిక శిఖరం మైనస్ 1 డీబీ ట్రూ పీక్ దాటకూడదు. ఛానల్ వేరే అంకె ఇస్తే అదే పెట్టాలి. డప్పు, సన్నాయి ఉన్న సవర నృత్యం పక్కనే ఒక ముసలాయన మెల్లగా చెప్పే మాట వస్తే, సగటు సరిపోయినా వినేవాడికి ఇబ్బందే. సగటును యంత్రానికి వదిలి, మాటకూ వాద్యానికీ మధ్య అంతరాన్ని చెవితో సరిచేయాలి. కాలర్ మైకు ధ్వని ఎడమ, కుడి ధ్వని ఛానళ్లలో ఒకదానికొకటి వ్యతిరేక దశలో రికార్డయి ఉంటే, ఒకే స్పీకరున్న టీవీలో ఆ మాట దాదాపు మాయమవుతుంది. మిక్సింగ్ అయ్యాక మొత్తం కార్యక్రమాన్ని ఒక్కసారి మోనోలో (ఎడమ, కుడి ధ్వనులను ఒకటిగా కలిపి) వినడం వల్ల ఇది బయటపడుతుంది.

ట్రాకుల వరుస ఛానల్ చెప్పినట్టే ఉండాలి. సాధారణంగా 1, 2 ట్రాకుల్లో పూర్తి మిశ్రమం, 3, 4 ట్రాకుల్లో మాట లేకుండా సంగీతం, పరిసర ధ్వనులు ఇస్తారు. నమూనా రేటు 48 కిలోహెర్ట్‌జ్, లోతు 24 బిట్లు. సంగీతాన్ని మాట నుంచి విడిగా ఉంచడం వల్ల మరో మేలు ఉంది: ఏదైనా పాటకు హక్కులు దొరక్కపోతే ఆ పాటను మాత్రమే తీసివేయవచ్చు.

నిడివి, భాగాలు

అరగంట చోటుకు 22 నుంచి 24 నిమిషాల కార్యక్రమం అడుగుతారు. 1994 కేబుల్ టెలివిజన్ నియమాల్లోని 7వ నియమం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదంటుంది. నిడివి విషయంలో సెకన్లు కూడా లెక్కే. ఛానల్ 24 నిమిషాలంటే 24 నిమిషాలే, 24 నిమిషాల 9 సెకన్లు కాదు.

మాస్టర్‌లో కార్యక్రమం మొదటి ఫ్రేము సాధారణంగా 10:00:00:00 టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము చూపే అంకె) వద్ద మొదలవుతుంది. అంతకు ముందు కలర్ బార్లు, టోను, కార్యక్రమం పేరు చూపే స్లేటు వస్తాయి. మన ఉదాహరణలో మొదటి భాగం 8 నిమిషాల 12 సెకన్లు, రెండోది 7 నిమిషాల 50 సెకన్లు, మూడోది 7 నిమిషాల 58 సెకన్లు అయితే మొత్తం సరిగ్గా 24 నిమిషాలు. సెగ్మెంట్ షీటులో ఒక్కో భాగం మొదలయ్యే టైమ్‌కోడ్, ముగిసే టైమ్‌కోడ్, నిడివి, చివరి మాట రాయాలి. చివరి మాట రాయడం చాలామంది చేయరు గాని, బ్రేక్ సరైన చోట పడిందో లేదో చూసుకోవడానికి ప్రసార విభాగానికి అదే పెద్ద ఆసరా. బ్రేకులను వాక్యం పూర్తయి ఒక ఊపిరి ఆగినచోటే పెట్టాలి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి అర సెకను ముందు కోస్తే విషయమంతా పోతుంది.

కాగితాలు

నా దృష్టిలో సగం కార్యక్రమం ఇక్కడే ఉంది. చిత్రం బాగుండి కాగితం లేని కార్యక్రమాన్ని ఏ బాధ్యత గల ఛానలూ ప్రసారం చేయదు, చేయకూడదు కూడా.

మొదటిది ఒప్పందం. 1957 కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం అన్నది అందులో చెప్పాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా భావిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తుంది. హక్కులు తీసుకున్నవారు బదిలీ తేదీ నుంచి ఏడాది లోపు వాటిని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, ఆ హక్కుల బదిలీ రద్దవుతుంది. చిన్న నిర్మాతకు ఈ చివరి అంశం ఎంతో విలువైనది. ఛానళ్ల నమూనా ఒప్పందాల్లో దీన్ని తొలగించే వాక్యం ఉండవచ్చు కాబట్టి సంతకానికి ముందే దాన్ని వెతికి చూసుకోవాలి. ఉపగ్రహ ప్రసారం, యూట్యూబ్, ఓటీటీ వేటికవి విడిగా రాయించుకోవాలి. మూల చిత్రీకరణ, అంటే వాడని ఫుటేజీ ఎవరిదన్నది కూడా తేల్చుకోవాలి.

ఛానల్‌కు హక్కులు ఇవ్వాలంటే ముందు అవి మన చేతిలో ఉండాలి. రచయిత, దర్శకుడు, కెమెరామన్, ఎడిటర్, వాయిస్ ఓవర్ చెప్పినవారు, సంగీతం కూర్చినవారు ఒక్కొక్కరితో ఒక్కో పేజీ పత్రం ఉండాలి. స్నేహితులైనా, బంధువులైనా ఇది తప్పదు. పైగా స్నేహం నిలవాలంటే ఇదే మంచి మార్గం.

తర్వాత తెర మీద మాట్లాడినవారి సమ్మతి పత్రాలు. మన ప్రాంతంలో ఒకే కార్యక్రమంలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవారు ఉంటారు. సమ్మతి పత్రం సంతకం పెట్టే మనిషికి అర్థమయ్యే భాషలో ఉంటేనే దానికి విలువ. ఒడియా చదివేవారికి ఒడియాలో ఇచ్చి, వెనక తెలుగు అనువాదం జతచేసి, అనువదించినవారు ‘ఇది సరైన అనువాదం’ అని సంతకం చేయాలి. చదవడం రాని సవర పెద్ద అయితే, ఆయన భాష తెలిసిన మనిషి పత్రాన్ని పూర్తిగా చదివి వినిపించాలి. ఆ తర్వాతే వేలిముద్ర, దాని పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు, చదివి వినిపించిన మనిషి పేరు, తేదీ. చదివి వినిపించడాన్ని కెమెరాలో రికార్డు చేసి ఆ క్లిప్పు పేరును పత్రం మీద రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. నియమగిరి కొండల్లోని డొంగ్రియా కొంధ్ గిరిజన గ్రామాల వంటి చోట్లకు వెళ్లేముందు జిల్లా యంత్రాంగం అనుమతిని రాతలో తీసుకుని, దాని నకలు జతచేయాలి. ఆ ప్రజలను కుతూహలపు వస్తువులుగా చూపించిన దృశ్యాలు ఏ అనుమతితోనూ సమర్థించదగినవి కావు.

పిల్లలు పాడినా, నటించినా బాలకార్మిక నిషేధ చట్టం కింద 2017లో సవరించిన నియమాలు వర్తిస్తాయి. చిత్రీకరణ ఏ జిల్లాలో జరిగితే ఆ జిల్లా మేజిస్ట్రేటు నుంచి నిర్మాత ముందుగా అనుమతి తీసుకోవాలి. పిల్లలను రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పనిచేయించకూడదు. వారి సంపాదనలో కనీసం 20 శాతాన్ని జాతీయం చేసిన బ్యాంకులో వారి పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. సరిహద్దు నిర్మాతలు గమనించవలసినది ఇక్కడే ఉంది: పర్లాకిమిడిలో తీసిన భాగానికి గజపతి జిల్లా కలెక్టర్ అనుమతి, అదే పిల్లలతో పాతపట్నంలో తీసిన భాగానికి శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ అనుమతి కావాలి. మధ్యలో ఉన్నది కొద్ది దూరమే అయినా రాష్ట్రం మారుతుంది. గంజాం జిల్లాలోని జౌగడ అశోక శాసనం వంటి పురావస్తు శాఖ రక్షణలోని చోట్ల తీస్తే ఆ శాఖ ఇచ్చిన అనుమతి పత్రం జతచేయాలి.

పాత ఫోటోలు, రచనల విషయంలో లెక్క సులభమే. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. గిడుగు వారు 1940 జనవరి 22న కన్నుమూశారు కాబట్టి ఆయన జీవితకాలంలో వెలువడిన రచనల మీద హక్కు 2000 సంవత్సరాంతానికి ముగిసింది. కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ తర్వాత ఫోటోకు కూడా ఇదే లెక్క: తీసిన మనిషి మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. అయినా ఆ ఫోటోను తన ఇంటి గోడ మీద నుంచి తీసి స్కాన్ చేయనిచ్చిన కుటుంబం దగ్గర ఒక అనుమతి లేఖ తీసుకోవడం, వారి పేరు చివరి టైటిళ్లలో వేయడం మర్యాద. ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఆ లేఖే జవాబు కూడా. సినిమా ముక్క ఏదైనా వాడితే హక్కుదారు అనుమతితో పాటు సెన్సారు సర్టిఫికెట్ నకలు కూడా కావాలి.

మ్యూజిక్ క్యూ షీటు

ఇది కార్యక్రమంలోని సంగీతం జాబితా: వినిపించే ప్రతి సంగీత ఖండానికీ ఒక వరుస. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, ఎన్ని సెకన్లు, పాట పేరు, రచన ఎవరు, స్వరం ఎవరు, పాడినవారు ఎవరు, రికార్డింగ్ హక్కు ఎవరిది, టైటిల్ సంగీతమా నేపథ్యమా తెర మీద కనిపించే ప్రదర్శనా అన్నది రాయాలి. ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ద్వారా రచయితలకూ స్వరకర్తలకూ రాయల్టీ చేరాలంటే ఇలాంటి షీట్లే ఆధారం. 2012 సవరణ తర్వాత సినిమాలోనో, రికార్డులోనో చేరిన పాట మీద రాయల్టీ పొందే హక్కును రచయిత, స్వరకర్త వదులుకోవడానికి కూడా వీల్లేదు. కాబట్టి ‘సంగీతం: లైబ్రరీ’ అని ఒక్క ముక్క రాసి పంపడం ఛానల్ నియమాన్నే కాదు, ఒక కళాకారుడి కూలినీ కాదన్నట్టు అవుతుంది.

మన దగ్గర ఎక్కువగా తలెత్తే సమస్య జాతర షాట్లది. బరంపురంలో ఠాకురాణి జాతర తీశారు. ఊరేగింపు ముందు డప్పులు, వెనక లౌడ్ స్పీకర్లో సినిమా పాట. అనుకోకుండా రికార్డయిందన్న వాదన ఛానల్ న్యాయ విభాగం ముందు నిలవదు. ఆ పాట ఎవరిదో తెలుసుకుని మ్యూజిక్ కంపెనీ అనుమతి తీసుకోవాలి. లేదా ఆ షాటు ధ్వనిని పూర్తిగా తీసేసి, అదే రోజు స్పీకరుకు దూరంగా రికార్డు చేసుకున్న డప్పు శబ్దం వేయాలి. అందుకే జాతరకు వెళ్లినప్పుడు పాట లేని చోట అయిదు నిమిషాలు పరిసర ధ్వని విడిగా రికార్డు చేసి తెచ్చుకోండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సంగీతానికి లైసెన్సు చాలాసార్లు ఆన్‌లైన్ వాడకానికే పరిమితమవుతుంది. టెలివిజన్ ప్రసారం అన్న మాట లైసెన్సు పత్రంలో ఉందో లేదో చూసి, పత్రం ప్రతిని దాచాలి.

జానపద గీతానికి రచన, స్వరం దగ్గర ‘సంప్రదాయ గీతం’ అని రాస్తే సరిపోతుంది గాని, పాడినవారి పేరు వదిలేయకూడదు. కాపీరైట్ చట్టంలోని 38వ సెక్షన్ కింద ప్రదర్శకులకు 50 ఏళ్ల హక్కు ఉంది. ‘సవర మహిళలు’ అని కాకుండా ఒక్కొక్కరి పేరు, ఊరు రాసి, ఒక్కొక్కరి సమ్మతీ తీసుకోవాలి. వాయిద్యాలు చేర్చి ఆ పాటను కొత్తగా కూర్చినవారుంటే వారి పేరు కూడా వేరుగా రావాలి.

వీటితో పాటు పూర్తి డైలాగ్ లిస్టు తెలుగు అనువాదంతో, రెండు మూడు వాక్యాల సారాంశం, ఒక పేజీ సారాంశం, నటీనటులు, సాంకేతిక నిపుణుల జాబితా, అయిదారు మంచి స్టిల్స్, కార్యక్రమం 1994 నియమాల్లోని ప్రోగ్రామ్ కోడ్‌కు లోబడి ఉందన్న నిర్మాత ధ్రువీకరణ పంపాలి. నష్టపరిహార బాండు స్టాంపు పేపరు మీద అడిగితే ఏ రాష్ట్రపు స్టాంపు కావాలో రాతలో అడగాలి. బరంపురంలో కొన్న స్టాంపు పేపరు హైదరాబాదులో అమలుచేసే పత్రానికి చాలకపోవచ్చు.

పంపడం

ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ 422 అనే వీడియో పద్ధతిలో సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున, ఎనిమిది ధ్వని ట్రాకులతో తీసిన 24 నిమిషాల ఎమ్‌ఎక్స్‌ఎఫ్ ఫైలు దాదాపు 10, 11 జీబీ ఉంటుంది. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగం నిలకడగా ఉంటే రెండున్నర గంటల్లో వెళుతుంది. అంతకన్నా పెద్ద ఫైలునిచ్చే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ పద్ధతి అడిగితే 33 జీబీ దాటుతుంది కాబట్టి హార్డ్ డిస్క్ మేలు. డిస్కును ఎఫ్‌ఏటీ 32లో ఫార్మాట్ చేస్తే 4 జీబీ మించిన ఫైలు దానిలోకి ఎక్కదు. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాలతో, ఖాళీలు లేకుండా, ఎపిసోడ్ సంఖ్యతో, వెర్షన్ సంఖ్యతో ఉండాలి. ప్రతి ఫైలుకూ ఎండీ5 చెక్‌సమ్ (ఫైలును బట్టి లెక్కించే గుర్తింపు సంఖ్య) తీసి విడి టెక్స్ట్ ఫైలుగా పంపాలి. అవతల దిగిన ఫైలు మనం పంపినదేనా అన్నది దానితో నిమిషాల్లో తేలుతుంది. తెలిసినవారు విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళుతున్నారని డిస్కు వారి చేతికిచ్చి పంపడం మన వాడుక. దానికి రసీదు ఉండదు. రసీదు ఉన్న మార్గంలోనే పంపి, ఛానల్ నుంచి అందినట్టు సంతకం తెప్పించుకోవాలి.

మన తీరానికి అక్టోబరు తుఫానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. దసరా, దీపావళి కార్యక్రమాలు ఒప్పుకున్నవారు గడువును సెప్టెంబరు నెలాఖరుగా లెక్కవేసుకుని, ఒక ప్రతిని తీరానికి దూరంగా మరో ఊళ్లో ఉంచడం వివేకం.

పంపేముందు ఎడిటింగ్ గదిలో కాకుండా మామూలు టీవీలో, ఎడిటర్ కాని మనిషి ఒకరు ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలునే మొదటి నుంచి చివరి వరకు చూడాలి. ప్రాజెక్టును చూడడం దానికి బదులు కాదు.

రిపోర్టు వచ్చాక

ఛానల్ క్యూసీ (నాణ్యత పరిశీలన) రిపోర్టులో టైమ్‌కోడ్‌తో పాటు లోపాలు రాసి పంపుతారు. ఒక్కొక్క లోపం పక్కన ‘సరిచేశాం’ అనో, ‘కావాలనే అలా ఉంచాం, కారణం ఇది’ అనో జవాబు రాసి, కొత్త ఫైలును కొత్త వెర్షన్ సంఖ్యతో పంపాలి. పాత పేరుతోనే పంపితే పాత ఫైలే ప్రసారమయ్యే ప్రమాదం ఉంది. సవరణ వల్ల ఒక్క ఫ్రేము జరిగినా సెగ్మెంట్ షీటు, క్యూ షీటు, సబ్‌టైటిల్ ఫైలు మూడూ మార్చాలి.

ఛానల్ ఆమోద లేఖ వచ్చిన తర్వాతే ఇన్వాయిస్ పంపడం మంచిది. జీఎస్టీ నమోదు ఉన్నవారి సంఖ్య ఒడిశాలో 21తో మొదలవుతుంది. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37 కాబట్టి ఆ రాష్ట్రాల ఛానళ్లకు వేసే బిల్లులో ఐజీఎస్టీ (అంతర్రాష్ట్ర జీఎస్టీ) చూపాలి, రాష్ట్ర జీఎస్టీ కాదు. భువనేశ్వర్‌లోని ఛానల్‌కైతే రెండు భాగాలుగా కేంద్ర, రాష్ట్ర జీఎస్టీ వస్తాయి. ఒప్పందం తేదీ, ఎపిసోడ్ సంఖ్య, ఆమోద లేఖ తేదీ బిల్లు మీద ఉంటే చెల్లింపు విభాగం తిరిగి ప్రశ్నించదు.

మాస్టర్, అక్షరాలు లేని ప్రతి, విడి ధ్వని ట్రాకులు, ప్రాజెక్టు ఫైలు, కాగితాల స్కాన్లను రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు చోట్ల దాచి, ఆరు నెలలకొకసారి తెరిచి చెక్‌సమ్ సరిచూడాలి. వేలిముద్రలు, సంతకాలు ఉన్న మూల పత్రాలను ఛానల్‌కు ఇవ్వకుండా ధ్రువీకరించిన నకళ్లే ఇచ్చి, మూలాలను ఒప్పంద కాలం ముగిశాక కూడా మన దగ్గరే ఉంచుకోవాలి.